డబ్బు ముందే కట్టిన భోజనం: షుగర్ ఉన్నవారి సందేహాలు

సెలవులు దగ్గర పడుతున్న కొద్దీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారుతుంది. ఈసారి వచ్చిన వాటిలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. బసతో పాటు భోజనాలకు కూడా ముందే సొమ్ము చెల్లించి విహారయాత్రకు వెళ్లినప్పుడు మధుమేహాన్ని అదుపులో ఉంచుకోవడం ఎలా అన్నదే ఆ విషయం. అందువల్ల మిగిలిన ఉత్తరాలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి దీనికే చోటు ఇస్తున్నాను. జవాబుల్లోని అంకెలు గర్భిణులు కాని పెద్దవారికి సాధారణంగా వర్తించేవి. మీ వైద్యులు మీకు వేరే లక్ష్యాలు నిర్ణయించి ఉంటే వాటినే పాటించండి.

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా టైప్ 2 మధుమేహం ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వాడుతున్నాను. వచ్చే నెలలో కుటుంబమంతా కలిసి వారం రోజుల యాత్రకు వెళుతున్నాం. మూడు పూటల భోజనం, రోజుకు రెండు చిరుతిళ్లు కలిసిన ప్యాకేజీకి మావారు డబ్బు మొత్తం కట్టేశారు. మధ్యాహ్నం, రాత్రి భోజనాలతో ఒక తీపి పదార్థం, ఒక పానీయం కూడా ఇస్తారట. ‘కట్టిన డబ్బుకు తినకపోతే నష్టం కదా’ అని ఆయన అంటున్నారు. ఇంట్లో ఇంత జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చిన షుగర్ ఆ వారంలో చేయి దాటిపోతుందేమోనని నాకు భయంగా ఉంది. అసలు వెళ్లడమే మానుకోవాలా?
— పేరు ప్రచురించవద్దని కోరిన ఒక గృహిణి

జవాబు: మానుకోవలసిన అవసరం లేదమ్మా. అయితే బయలుదేరే ముందు మీరిద్దరూ కూర్చుని డబ్బు సంగతి తేల్చుకోవడం మంచిది. ప్యాకేజీకి చెల్లించిన సొమ్ము మీరు కేకు మొత్తం తిన్నా తిరిగి రాదు, ముట్టకుండా వదిలేసినా తిరిగి రాదు. అయిపోయిన ఖర్చు ఇప్పటి నిర్ణయాన్ని శాసించడం మనుషులందరిలోనూ కనిపించే బలహీనతే. 1985లో హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ అనే పరిశోధకులు ఒక నాటకశాల సీజన్ టికెట్లను కొందరికి పూర్తి ధరకు, మరికొందరికి తగ్గింపు ధరకు అమ్మించి చూశారు. పూర్తి ధర చెల్లించినవారు సీజన్ మొదటి సగంలో తక్కినవారికంటే ఎక్కువ నాటకాలకు హాజరయ్యారు. ఒక నాటకం ఎక్కువ చూస్తే పోయేదేమీ లేదు గానీ, అదే లెక్క కంచం ముందు వేసుకుంటే భారం మన క్లోమం మీద పడుతుంది. కట్టిన డబ్బుకు ఆ వారం దక్కేది పట్టికలో ఉన్నవాటిలో నచ్చినదాన్ని ఎంచుకునే వీలు. ఆ వీలును మీ షుగర్‌కు అనుకూలంగా వాడుకున్నా డబ్బు పూర్తిగా ఉపయోగపడినట్టేనని మీవారికి చెప్పి చూడండి.

ఇక తిండి లెక్కకు వద్దాం. పోషకాహార నిపుణులు 15 గ్రాముల పిండిపదార్థాన్ని ఒక వంతుగా లెక్కిస్తారు. ఒక బ్రెడ్ ముక్క, ఒక చిన్న పండు, అరకప్పు ఐస్‌క్రీం దాదాపుగా ఒక్కొక్క వంతు. మధ్యరకం బంగాళాదుంప రెండు వంతులు, ఒక కప్పు అన్నం మూడు వంతులు. కప్పు అంటే సుమారుగా మీ పిడికిలి అంత అనుకోండి. షుగర్ ఉన్న చాలామందికి ఒక పూట భోజనంలో మూడు నాలుగు వంతులు, అంటే 45 నుంచి 60 గ్రాములు సరిపోతాయి. ఇప్పుడు ప్యాకేజీలో ఇచ్చేదంతా ఇచ్చినట్టే తిన్నామనుకుందాం. ఒక బ్రెడ్డు, కప్పు అన్నం కలిసి 60 గ్రాములు అవుతాయి. 355 మిల్లీలీటర్ల మామూలు కోలాలో 39 గ్రాముల చక్కెర ఉంటుంది. క్రీము పూసిన కేకు ముక్క కూడా అంతకు తక్కువ ఉండదు. మొత్తం 140 గ్రాముల చుట్టుపక్కలకు చేరుతుంది. అంటే రెండు మూడు పూటల భోజనం ఒక్క పూటలో లోపలికి వెళుతుందన్న మాట.

ఈ లెక్కను జాగ్రత్తగా చూస్తే ఎక్కడ కోత వేయాలో తెలిసిపోతుంది. అన్నిటికంటే తక్కువ తృప్తినిచ్చి ఎక్కువ చక్కెరను మోసుకొచ్చేది పానీయమే కాబట్టి దాన్ని మొదట తీసేయండి. నీళ్లు, చక్కెర లేని టీ లేదా కాఫీ, చక్కెర కలపని సోడా, వీటిలో ఏదైనా అడిగితే ఆ పానీయం బదులుగా ఇవ్వడానికి ఏ వంటశాలా సాధారణంగా అభ్యంతరం చెప్పదు. పండ్ల రసం ఆరోగ్యకరమన్న భ్రమ పెట్టుకోవద్దు. పావు లీటరు రసంలో 25 గ్రాములకు అటూ ఇటూగా చక్కెర ఉంటుంది, పండులోని పీచు మాత్రం మిగలదు. ఆ తర్వాత, తీపి తినాలని మనసు పడిన పూట బ్రెడ్డునూ అన్నాన్నీ బాగా తగ్గించి, ఆ తీపిని మీవారితో సగం పంచుకోండి. తీపి వద్దనుకున్న పూట దాని బదులు పండు ఇవ్వమనండి. రోజుకు రెండుసార్లు తీపి వస్తుంది కనుక ఏ పూట ఆ ముచ్చట తీర్చుకోవాలో ఉదయమే అనుకుంటే, బల్ల ముందు కూర్చుని తర్జనభర్జన పడవలసిన పని ఉండదు. ‘షుగర్ ఫ్రీ’ అని రాసిన కేకుల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. చక్కెర లేకపోయినా అందులో పిండి ఉంటుంది, కొన్నిటిలో చక్కెరకు బదులు వాడే మాల్టిటాల్ వంటి తీపి పదార్థాలు ఎక్కువైతే కడుపు ఉబ్బరమూ విరేచనాలూ తెస్తాయి. అంతకంటే అసలైన తీపినే రెండు చెంచాలు ఇష్టంగా తినడం మేలని నా అభిప్రాయం.

తినే వరస కూడా ముఖ్యమే. ముందు కూరగాయలు, ఆ వెంట గుడ్డు, చేప, మాంసం, పప్పుల వంటి మాంసకృత్తులు తిని, అన్నమో బ్రెడ్డో చివర్లో తింటే, అదే భోజనం తర్వాత షుగర్ పెరుగుదల కొంత తక్కువగా ఉంటుంది. భోజనం ముగిశాక ఓ పావుగంట నడిస్తే ఇంకా మంచిది. విహారయాత్రలో ఈ నడకకు ప్రత్యేకంగా సమయం కేటాయించవలసిన అవసరం కూడా ఉండదు.

మీరు తీపి గురించి భయపడుతున్నారు గానీ, మీ మందులను బట్టి చూస్తే నాకు రెండో వైపు ఆందోళన కూడా ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగర్ మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు. మీరు తిన్నా తినకపోయినా అది క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. యాత్రలో ఉదయం లేవగానే అలవాటుగా మాత్ర మింగి, స్నానాలయ్యి అందరూ తయారయ్యేసరికి అల్పాహారం గంటన్నర ఆలస్యమై, ఆపైన ఎండలో నాలుగు గంటలు తిరిగితే షుగర్ పడిపోవడానికి అన్నీ అమరినట్టే. ఈ మాత్రను గదిలో కాకుండా భోజనాల బల్ల దగ్గర, తిండి ఎదుటికి వచ్చాక వేసుకోండి. చెమటలు, వణుకు, గుండెదడ, ఒక్కసారిగా ఆకలి, చిరాకు కనిపిస్తే వెంటనే పరీక్షించుకోండి. డెసిలీటరుకు 70 మి.గ్రా. కంటే తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజు గానీ, మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు గానీ, అరగ్లాసు పండ్ల రసం గానీ తీసుకుని, 15 నిమిషాలాగి మళ్లీ పరీక్షించండి. ఇంకా తక్కువగానే ఉంటే మరోసారి అలాగే చేయండి. దీనికి చాక్లెట్‌నూ ఐస్‌క్రీంనూ నమ్ముకోవద్దు, వాటిలోని కొవ్వు చక్కెరను రక్తంలోకి త్వరగా చేరనివ్వదు. అకార్బోస్ లేదా వోగ్లిబోస్ మాత్రలు వాడే పాఠకులు ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆ మందులు మామూలు చక్కెర అరగడాన్ని ఆలస్యం చేస్తాయి కాబట్టి వారి దగ్గర విడిగా గ్లూకోజు ఉండి తీరాలి.

రోజుకు ఇచ్చే రెండు చిరుతిళ్లను షుగర్ పడిపోయే పరిస్థితి రాకుండా వాడుకోవచ్చు. బిస్కెట్లు, చిప్స్ బదులు వేయించిన గింజల పొట్లమో, పండో, పాల డబ్బానో తీసుకుని సంచిలో పెట్టుకుంటే, భోజనం ఆలస్యమైన రోజు అవే మిమ్మల్ని ఆదుకుంటాయి. గ్లూకోమీటర్‌ను ఇంట్లో పెట్టి రాకండి. ఉదయం పరగడుపున ఒకసారి, ఆ రోజు అన్నిటికంటే పెద్ద భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు మరోసారి చూసుకుంటే చాలు. భోజనానికి ముందు 80 నుంచి 130, భోజనం తర్వాత 180 లోపు ఉండటం సాధారణంగా పెట్టుకునే లక్ష్యం. ఒక పూట 210 వచ్చిందని ఆ రాత్రి భోజనం మానేయకండి, గ్లిమెపిరైడ్ వాడేవారికి అది మరింత ప్రమాదం. అంతకుముందు పూట ఏం తిన్నారో ఒకసారి గుర్తు చేసుకుని, మరుసటి రోజు ఆ పదార్థాన్ని సగానికి తగ్గించండి.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, టైప్ 1 మధుమేహం. రోజూ భోజనానికి ముందు త్వరగా పనిచేసే ఇన్సులిన్ తీసుకుంటాను. వెళ్లబోయే చోట మధ్యాహ్నం బఫే, రాత్రి బల్ల దగ్గరికే తెచ్చి నాలుగు విడతలుగా వడ్డించే భోజనం. ఎంత తింటానో, ఎప్పుడు తింటానో ముందుగా తెలియనప్పుడు మోతాదు ఎలా నిర్ణయించుకోవాలి?
— ఒక ఉపాధ్యాయుడు

జవాబు: భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకునేవారిలో నేనూ ఒకణ్ని కాబట్టి ఈ ప్రశ్నకు పుస్తకంలోని జవాబు కంటే అనుభవంలోని జవాబు ముందు చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక విడిదిలో, బల్ల ముందు కూర్చోగానే అలవాటు ప్రకారం ఇన్సులిన్ తీసుకున్నాను. వంటశాలలో ఏదో ఇబ్బంది వచ్చి మొదటి పళ్లెం రావడానికి దాదాపు యాభై నిమిషాలు పట్టింది. ఈలోగా నా చొక్కా చెమటతో తడిసిపోయింది, ఎదురుగా ఉన్నవారి మాటలు అర్థం కావడం మానేశాయి. కాఫీ కోసం బల్ల మీద ఉంచిన చక్కెర పొట్లాలు ఒకదాని తర్వాత ఒకటి చింపి నోట్లో పోసుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి బయట తినేటప్పుడు తిండి కంటికి కనిపించాకే సూదిని తీస్తున్నాను. త్వరగా పనిచేసే ఇన్సులిన్‌ను భోజనానికి 10–15 నిమిషాల ముందు తీసుకోవడమే మంచిదన్నది నిజమే. కానీ వడ్డన సమయం మన చేతిలో లేని చోట, ఆ పావుగంట కోసం ఆశపడితే కొంచెం పెరిగే షుగర్‌కు బదులు ప్రమాదకరంగా పడిపోయే షుగర్‌ను తెచ్చుకుంటాం.

బఫేలో కంచం పట్టుకోకముందే ఒక చుట్టు తిరిగి ఏమేం ఉన్నాయో చూడండి. అప్పుడు కచ్చితంగా తినబోయేది ఏమిటో మీకు తెలుస్తుంది. ఆ మొదటి కంచానికి సరిపడా మోతాదు మాత్రమే తీసుకోండి. మళ్లీ వెళ్లి పిండిపదార్థం ఉన్నదేదైనా తెచ్చుకుంటే, మీ వైద్యులు చెప్పిన నిష్పత్తి ప్రకారం ఆ అదనపు గ్రాములకు అదనపు మోతాదు తీసుకోవచ్చు. ఇక్కడ రెండు విషయాలు కలిసిపోకుండా చూసుకోవాలి. అదనంగా తిన్నదానికి ఇన్సులిన్ తీసుకోవడం వేరు, భోజనమైన గంటకే షుగర్ 240 కనిపించిందని దాన్ని దించడానికి ఇన్సులిన్ తీసుకోవడం వేరు. త్వరగా పనిచేసే ఇన్సులిన్ ప్రభావం నాలుగు గంటల వరకు శరీరంలో ఉంటుంది. మొదటి మోతాదు ఇంకా పని చేస్తుండగానే దించే మోతాదులు ఒకదాని మీద ఒకటి పేరిస్తే, అవన్నీ కలిసి అర్ధరాత్రి దెబ్బ తీస్తాయి.

నాలుగు విడతల రాత్రి భోజనానికి పట్టికను మధ్యాహ్నమే అడిగి తీసుకోండి. పెద్ద వంటశాలల్లో ప్రతి వంటకానికీ కొలతలు రాసి ఉంటాయి కాబట్టి, రద్దీ లేని వేళ మర్యాదగా అడిగితే పిండిపదార్థం వివరాలు చెప్పగలిగేవారు ఎవరో ఒకరు దొరుకుతారు. కనీసం మూడు ప్రశ్నలు వేయండి. సూపు చిక్కబడటానికి మొక్కజొన్న పిండి కలిపారా, మాంసం మీద పోసే సాస్‌లో చక్కెర ఉందా, వేయించిన వాటికి పిండి పూత ఉందా అన్నవి ఆ ప్రశ్నలు. కంటికి కనిపించని గ్రాములు ఎక్కువగా ఈ మూడు చోట్లే దాగి ఉంటాయి.

కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనం మరో రకంగా తప్పుదారి పట్టిస్తుంది. జున్ను దండిగా వేసిన పిజ్జా వంటివి తిన్నాక రెండు గంటలకు షుగర్ చక్కగా కనిపించి, మూడు నుంచి ఐదు గంటల మధ్య పైకి లేస్తుంది. రాత్రి తొమ్మిదికి అటువంటి భోజనం చేస్తే నిద్రలో ఉన్నప్పుడు పెరుగుతుందన్న మాట. ఒంటికి అమర్చుకునే ఇన్సులిన్ పంపు వాడేవారు మోతాదును సాగదీసి ఇవ్వగలరు. ఇన్సులిన్ పెన్నుతో తీసుకునేవారు దాన్ని రెండుగా విభజించుకోవచ్చా అన్నది యాత్రకు ముందే వైద్యులతో మాట్లాడుకోవాలి, అక్కడికక్కడ ప్రయోగాలు చేయకూడదు. షుగర్ బాగా పడిపోయి స్పృహ తప్పినప్పుడు ఇచ్చే గ్లూకగాన్ మందు ఎక్కడ ఉంచారో, ఎలా ఇవ్వాలో మీతో వచ్చేవారిలో ఒక్కరికైనా చూపించి ఉంచండి. ఇన్సులిన్‌ను మాత్రం విమానంలో అప్పగించే పెట్టెలో పెట్టకండి, అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంది.

ప్రశ్న: నేను 62 ఏళ్ల విశ్రాంత ఉద్యోగిని. ఉదయం, రాత్రి మిశ్రమ ఇన్సులిన్ తీసుకుంటాను. బస బుక్ చేస్తుంటే సీపీ, ఎంఏపీ, ఏపీ అని రకరకాలుగా చెబుతున్నారు. ఇంకా డబ్బు కట్టలేదు. నా వంటి వాడు ఏది తీసుకోవాలి?

జవాబు: డబ్బు కట్టకముందే అడిగినందుకు సంతోషం. హోటళ్ల వాడుకలో ఈపీ అంటే గది మాత్రమే. సీపీ అంటే గదితో పాటు అల్పాహారం. ఎంఏపీ అంటే అల్పాహారంతో పాటు మరొక ప్రధాన భోజనం, సాధారణంగా రాత్రిది. ఏపీ అంటే మూడు పూటలా భోజనం. ఇవికాక పానీయాలు, చిరుతిళ్లతో సహా అన్నీ కలిపి ఇచ్చే పథకాలు, పూటకు ఇన్ని కూపన్లని లెక్కించే పథకాలు కూడా ఉన్నాయి.

మిశ్రమ ఇన్సులిన్‌లో త్వరగా పనిచేసే భాగమూ నెమ్మదిగా పనిచేసే భాగమూ ముందే నిర్ణయించిన పాళ్లలో కలిసి ఉంటాయి. ఉదయం మోతాదులోని రెండో భాగం మధ్యాహ్నమంతా పని చేస్తుంది కాబట్టి, మీకు మధ్యాహ్న భోజనం మానే స్వేచ్ఛ లేదు. ఆ సంగతి దృష్టిలో పెట్టుకుంటే ఎంఏపీ మీకు బాగా సరిపోతుందని నాకు అనిపిస్తోంది. ఇన్సులిన్ తీసుకునే రెండు పూటలా భోజనం వేళకు దొరుకుతుంది, మధ్యాహ్నం మాత్రం మీరు ఎక్కడ తిరుగుతుంటే అక్కడ, తగినంత, వేళకు తినవచ్చు. ఏపీ తీసుకుంటే, కట్టిన భోజనం పోతుందేమోనని మధ్యాహ్నం విడిదికి పరుగెత్తుతూ రావడమో, దారి ఆలస్యమై ఆకలితో ఉండిపోవడమో జరుగుతుంది. రోజంతా విడిదిలోనే గడిపే ఆలోచన ఉంటే ఏపీ మంచిదే. అన్నీ కలిపి ఇచ్చే పథకం మాత్రం, ఎదురుగా ఉన్నదాన్ని వద్దనగల నిగ్రహం మీకు ఉంటేనే తీసుకోండి. నాకు లేదు, అందుకని నేను తీసుకోను.

సొమ్ము చెల్లించే ముందు భోజన వేళలు ఏమిటో, తెల్లవారుజామున బయలుదేరే రోజు అల్పాహారం కట్టి ఇస్తారో లేదో, తీపి బదులు పండు లేదా పెరుగు ఇస్తారో లేదో, వాడని కూపన్లు మరుసటి రోజుకు చెల్లుతాయో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఆఖరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, వాడని కూపన్లు రద్దయ్యే పథకాల్లోనే జనం ఆఖరి రోజు రాత్రి మిగిలినవన్నీ మిఠాయిలుగా మార్చుకుని తింటారు.

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు, టైప్ 1 మధుమేహం ఉంది. మా చెల్లెలి కుటుంబంతో కలిసి వెళుతున్నాం. వాళ్ల పిల్లలు ప్యాకేజీలో వచ్చే ఐస్‌క్రీం రోజూ తింటుంటే మా పాపను వద్దనడం నావల్ల కాదు. ఏం చేయాలి?
— ఒక తల్లి

జవాబు: వద్దనకండి. టైప్ 1 ఉన్న పిల్లలు తీపి అసలు తినకూడదన్న నియమం ఏదీ లేదు, తిన్నదానికి తగిన ఇన్సులిన్ అందడమే ముఖ్యం. అరకప్పు ఐస్‌క్రీంలో 15 నుంచి 20 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, పైన పోసే చాక్లెట్ సాస్, బిస్కెట్ కోన్ దీనికి అదనం. ఐస్‌క్రీంను విడిగా మధ్యాహ్నం మూడింటికి తినే బదులు భోజనం చివర తినేలా కుదిరిస్తే ఒకే మోతాదులో సర్దుకుపోతుంది, పాపకు మరో సూది తప్పుతుంది. మీ చెల్లెలితో ముందే మాట్లాడి, పిల్లలందరూ అదే వేళకు తినేలా ఏర్పాటు చేసుకోండి. అప్పుడు పాప తాను వేరన్న భావనకు లోను కాదు.

కొత్త చోట పిల్లలు ఆశపడి తెప్పించుకుని రెండు ముద్దలు తిని వదిలేస్తారు. ముందే ఇన్సులిన్ ఇచ్చేసి ఉంటే ఇక బలవంతంగా తినిపించవలసి వస్తుంది, ఆ యుద్ధం ఇద్దరికీ మంచిది కాదు. అటువంటి పూట భోజనం ముగియగానే, తిన్నదాన్ని చూసి ఇన్సులిన్ ఇవ్వవచ్చా అని మీ వైద్యులను అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. ఈత కొలనులో గంటల తరబడి ఆడిన రోజు మరో జాగ్రత్త అవసరం. ఆట ప్రభావం ఆటతో ఆగదు, రాత్రి నిద్రలో కూడా షుగర్ పడిపోవచ్చు. పడుకునే ముందు తప్పక చూడండి, ఒకసారి రాత్రి రెండు మూడు గంటల మధ్య కూడా చూడండి. షుగర్ పడిపోతే పెద్దవారికి చెప్పే 15 గ్రాములు చిన్నపిల్లలకు ఎక్కువ కావచ్చు. కిలో బరువుకు 0.3 గ్రాముల గ్లూకోజు చొప్పున లెక్క వేస్తారు, 30 కిలోల పాపకు అది 9 గ్రాములు అవుతుంది. పొడి గ్లూకోజును ఇంట్లోనే తూచి 9 గ్రాముల చిన్న పొట్లాలు కట్టి పెట్టుకుంటే తొందరలో కొలవవలసిన అవస్థ ఉండదు.

ప్రశ్న: సెలవుల్లో ఎక్కువ తిన్న రోజు మెట్‌ఫార్మిన్ మాత్ర ఒకటి అదనంగా వేసుకుంటే సరిపోతుందని మా మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: కాదు. మెట్‌ఫార్మిన్ ఒక పూట తిన్నదాన్ని ఆ పూటే సర్దే మందు కాదు, ప్రధానంగా కాలేయం నుంచి చక్కెర విడుదలను తగ్గిస్తూ రోజుల తరబడి నిలకడగా పని చేసేది. అదనంగా వేసుకుంటే షుగర్ దిగదు, కడుపు మాత్రం చెడుతుంది. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి వాటితో ఇటువంటి ప్రయోగం చేస్తే స్పృహ తప్పే ప్రమాదం కూడా ఉంది.

ప్రశ్న: నేను తీసుకున్న ప్యాకేజీలో మద్యం కూడా కలిసి ఉంది. నాకు టైప్ 2 మధుమేహం, రాత్రిపూట బేసల్ ఇన్సులిన్‌తో (రోజంతా నెమ్మదిగా పనిచేసేది) పాటు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఎప్పుడైనా ఒకటి రెండు పెగ్గులు తీసుకునే అలవాటు ఉంది.

జవాబు: మద్యం విషయంలో జనం చక్కెర గురించే అడుగుతారు గానీ, ఇన్సులిన్ వాడేవారికి అసలు ప్రమాదం దానికి వ్యతిరేక దిశలో ఉంది. భోజనానికీ భోజనానికీ మధ్య రక్తంలో చక్కెర పడిపోకుండా కాలేయం కొత్తగా గ్లూకోజు తయారు చేస్తుంటుంది. మద్యాన్ని వదిలించుకునే పనిలో పడిన కాలేయం ఆ తయారీని తగ్గించేస్తుంది. అందుకే సాయంత్రం తాగినదాని ప్రభావంతో తెల్లవారుజామున, ఒక్కోసారి మరుసటి రోజు కూడా షుగర్ పడిపోవచ్చు. పైగా తూలడం, మాట తడబడటం, మగత వంటి లక్షణాలు తాగినప్పుడూ షుగర్ పడిపోయినప్పుడూ ఒకేలా ఉంటాయి కనుక, చుట్టూ ఉన్నవారు తాగిన మైకమనుకుని పడుకోబెట్టేస్తారు. మీకు షుగర్ ఉందని తెలిపే కార్డు జేబులో ఉంచుకోండి, తోడున్న వారికి ముందే చెప్పండి.

తీసుకుంటే భోజనంతో పాటే తీసుకోవాలి, ఖాళీ కడుపుతో కాదు. పురుషులకు రోజుకు రెండు, స్త్రీలకు ఒకటి అన్నది సాధారణంగా చెప్పే పరిమితి, అది రోజూ తాగమన్న సలహా కాదు. పండ్ల రసాలు, చక్కెర పాకం కలిపిన కాక్‌టెయిళ్లు మొదట షుగర్‌ను పెంచి తర్వాత దించుతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లకండి. మెట్‌ఫార్మిన్ వాడుతూ ఒకేసారి అతిగా తాగితే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకునే ప్రమాదం ఉంది, అరుదే అయినా ప్రాణాంతకమైనది. పడుకునే ముందు షుగర్ చూసుకుని, తక్కువ వైపు ఉంటే కొంత పిండిపదార్థం తినాలి. తాగిన రోజు ఇన్సులిన్ మోతాదు తగ్గించుకోవాలన్న లెక్కలు ఏవైనా ఉంటే ఊరు దాటకముందే వైద్యుల దగ్గర తేల్చుకోండి.

ప్రశ్న: యాత్ర మధ్యలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే భోజనమే ఉండదు కదా. అప్పుడు మందులు ఆపేయాలా?
— డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్ వాడుతున్న పాఠకుడు

జవాబు: మీరు వాడే రెండింటినీ ఆ పరిస్థితిలో తాత్కాలికంగా ఆపమనే సాధారణంగా సలహా ఇస్తారు. డాపాగ్లిఫ్లోజిన్ శరీరంలోని చక్కెరను మూత్రంతో పంపిస్తూ నీటిని కూడా పోగొడుతుంది, తిండి లేనప్పుడు కీటోన్లు (శరీరం కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరగడానికీ దారి తీయవచ్చు. షుగర్ 200 లోపు ఉన్నా కీటోఆసిడోసిస్, అంటే ఆ కీటోన్లు రక్తంలో ప్రమాదకరంగా పేరుకునే స్థితి, రావడం ఈ రకం మందుల ప్రత్యేకత. అందువల్ల మీటరులో అంకె బాగానే ఉందన్న ధీమాతో ఆగని వాంతులను, కడుపునొప్పిని, ఆయాసాన్ని ఉపేక్షించకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నీళ్లు నిలిచి, మామూలుగా తింటూ ఒకటి రెండు రోజులు గడిచాక మందులు తిరిగి మొదలుపెట్టడం గురించి వైద్యులను అడగండి. టైప్ 1 ఉన్నవారు దీన్ని చదివి తమకూ వర్తింపజేసుకోకూడదు. తిండి లేకపోయినా వారు బేసల్ ఇన్సులిన్‌ను పూర్తిగా ఎప్పుడూ ఆపకూడదు.

ప్రశ్న: యాత్ర నుంచి రాగానే హెచ్‌బీఏ1సీ చేయించుకుంటే ఎంత నష్టం జరిగిందో తెలుస్తుందా?

జవాబు: పెద్దగా తెలియదు. ఆ పరీక్ష దాదాపు మూడు నెలల సగటును చూపుతుంది. చివరి నెలకు అందులో ఎక్కువ బరువు ఉన్నా, ఒక్క వారం ప్రభావం అందులో విడిగా కనిపించదు. మీ షెడ్యూలు ప్రకారం ఎప్పుడు చేయించుకోవాలో అప్పుడే చేయించుకోండి. దాని బదులు ఆ వారం మీటరులో నమోదైన అంకెలను, వాటి పక్కన ఏ పూట ఏం తిన్నారన్నది ఒక్క ముక్కలో రాసి వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లండి. ఇంటికి వచ్చిన నాలుగైదు రోజులకు కూడా పరగడుపు షుగర్ మునుపటి స్థాయికి దిగకపోతే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ వరకు ఆగకుండా ముందే కలవండి.